హర్షిత ఏ ఇంటి కింద

జమ్మలమడుగు, పునరావాస కాలనీ
2023 నవంబర్ 12

సంహితమ్మా,

మీ మామ రామం ఆశీస్సులు. ఇక్కడ మీ అత్త మీనాక్షికి మోకాళ్లు, నాకు చెవులు తప్ప మిగతావన్నీ బాగానే పనిచేస్తున్నాయి. ఫోన్ చేయొచ్చు కదా మామా అంటావు. మొన్న నువ్వు చేసినప్పుడు ఆఁ ఆఁ అంటూ చాలాసేపు తలూపాను. పెట్టేశాక నువ్వేం చెప్పావని మీ అత్త అడిగితే, అంతా బాగున్నారట అని బొంకాను. అందుకే ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి. ఆ చిన్న తెర మీద అక్షరాలు నా కంటికి చీమల్లా పాకుతాయి.

సంగతి మన చెన్నకేశవుడి కల్యాణం గురించి. వైశాఖ పున్నమి నాడు తలంబ్రాలయ్యాక ఊళ్లో ప్రతి ఇంటి గోత్రం, ఆ ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లు నేను పైకి చదవడం నీకు తెలియనిది కాదు. చిన్నప్పుడు అందరి పేర్లూ వచ్చి నీ పేరు రాలేదని గుడిలో పొర్లి పొర్లి ఏడ్చావు. నువ్వు ప్రొద్దుటూరు వాళ్ల పిల్లవి, ఈ ఊరి ఇళ్లలో ఉండవని నచ్చజెప్పేసరికి మా అక్కకు, అదే మీ అమ్మకు, తలప్రాణం తోకకొచ్చింది.

మా నాన్న కాగితం చూడకుండా చదివేవారు. నేనూ అంతే. కళ్లు మూసుకుంటే చాలు, పాత ఊరి వీధిలో నడుస్తూ ఒక్కొక్క వాకిలి ముందు ఆగినట్టు పేర్లు అవే వచ్చేవి. రిజర్వాయర్ నీళ్లొచ్చి కొండాపురం పక్కన మన ఊరు మునిగిపోయాక ఆ వీధి లేదు, వాకిళ్లు లేవు. స్వామితో పాటు సగం మంది ఈ కాలనీకి వచ్చారు. మిగిలినవాళ్లు ప్రొద్దుటూరు, పులివెందుల, పెద్దముడియం, ఎవరి దారి వాళ్లది. దానికి తోడు నా మతిమరుపు. పోయిన కల్యాణంలో ఒక పసిబిడ్డ పేరు వదిలేశాను. ఆ పిల్లవాడి తాత మైకు దగ్గరికి వచ్చి, "ఏం సామీ, మా మనవడు నీ కంటికి ఆనలేదా? పేరు చదవని దేవళానికి మేమెందుకు రావాల?" అని అందరి ముందూ నిలదీశాడు. తలెత్తుకోలేకపోయాను.

నువ్వు కాలేజీలో కంప్యూటర్ చెబుతున్నావు కదా. ఇళ్లవారీగా పేర్లన్నీ ఎక్కించి, పుట్టినవాళ్లను చేర్చి, పోయినవాళ్లను తీసి, పెద్ద అక్షరాలతో అచ్చు వేసే ఏర్పాటు ఏదైనా ఉందా? బావగారు షుగరు మాత్రలు మానేసి ఏవో ఆకులు నములుతున్నారట. ఆయన మేక కాదని ఎవరైనా చెప్పండి.

మీ మామ
రామం


ప్రొద్దుటూరు
2023 డిసెంబర్ 3

మామా,

నీ ఉత్తరం చదివి అమ్మ పడీపడీ నవ్వింది. నాన్నకు చదివి వినిపించింది కూడా. ఆయన ఆకులు మానలేదు సరికదా, పక్కింటి ఖాదర్ చిన్నాన్నకు కూడా నమలడం నేర్పించాడు.

నువ్వడిగిన ఏర్పాటు ఉంది. దాన్ని ఎక్స్‌ఎంఎల్ అంటారు. పేరు చూసి జడుసుకోకు, వట్టి రాత కాగితమే. కాకపోతే ఏది దేని లోపల ఉందో కంప్యూటర్‌కు తెలిసేలా రాసిన కాగితం. అన్నింటికీ పైన ఊరు. ఊరి లోపల ఇల్లు, ఇంటికి ఒక గోత్రం. ఇంటి లోపల మనిషి, మనిషికి ఒక పేరు. వీటిలో ప్రతిదాన్నీ ఎలిమెంట్ అంటాం. అంత పెద్ద కాగితాన్ని చేత్తో రాస్తే తప్పులు పడతాయి కాబట్టి నేనొక కోడ్ రాస్తున్నా. నువ్వు పంపిన పేర్లు దానికిస్తే కొత్త ఎలిమెంట్లు అదే పుట్టిస్తుంది.

పుట్టించడంలో రెండు పనులున్నాయి. ముందు ఎలిమెంట్‌ను తయారుచేయాలి. తర్వాత దాన్ని ఒక ఇంటికి తగిలించాలి. మా కాలేజీ పిల్లలు మొదటి పని చేసి రెండోది మర్చిపోతారు. "మేడమ్, చేసినాం గదా, యాడికి పాయె?" అని నా మీదికే వస్తారు. తయారైన మాట నిజమే. కానీ ఏ ఇంటికీ తగిలించకపోతే అది కాగితంలో లేనట్టే లెక్క, అచ్చులో రాదు.

ఇంకో నియమం ఉంది. ఒక ఎలిమెంట్ ఒక్క ఇంట్లోనే ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి వేరే ఇంటికి తగిలించామా, పాత ఇంట్లోంచి దానంతట అదే పోతుంది. రెండు చోట్లా ఉండమంటే ఉండదు. పెళ్లయిన ఆడపిల్లల విషయంలో ఇది పనికొస్తుందా, లేక వేరే ఏదైనా ఆలోచించాలా? అర్చకుడివి నువ్వే చెప్పాలి. పూలిచ్చే హజరాబీ అవ్వ వాళ్ల ఇంటిని ఎట్లా ఎక్కించాలో కూడా రాయి. వాళ్లకు గోత్రం ఉండదు కదా.

మొన్న పులివెందుల నుంచి నీ కూతురు ఫోన్ చేసింది. స్కూల్లో లెక్కలు చెప్పడం బాగుందంది, పిల్లల అల్లరి గురించి చాలాసేపు మాట్లాడింది. విడాకుల కేసు గురించి నేను అడగలేదు, హర్షిత వదినా చెప్పలేదు. అది ఎంతవరకు వచ్చింది మామా?

నీ
సంహిత


జమ్మలమడుగు
2024 జనవరి 7

సంహితమ్మా,

నీ కంప్యూటర్‌కు శాస్త్రం తెలుసు! పెళ్లి చేసి ఇచ్చిన పిల్ల అత్తింటి గోత్రంలోకి పోతుంది, పుట్టింటి గోత్రంలో ఉండదు. నలభై ఏళ్లుగా పీటల మీద కూర్చోబెట్టి నేను చేయిస్తున్నది ఇదే కదా. నువ్వు వేరే ఏదీ ఆలోచించకు, దాని దారిన దాన్ని పోనీ. ఈ మాట మీ అత్తకు చెబితే, "అయితే కంప్యూటర్‌ను కూడా మొగోళ్లే చేసినట్టుండారు" అంది. మీ అత్తతో వాదన పెట్టుకునేంత తీరిక నాకు లేదు.

హజరాబీ ఇంటికి గోత్రం ఖాళీగా వదిలెయ్యి. మా తాత కాలం నుంచి స్వామి పెళ్లికి పూలు ఆ ఇంటివే. మా నాన్న 'స్వామివారి పూల ఇంటివారు' అని చదివి, వరసగా వాళ్ల పేర్లు చెప్పేవారు. ఇప్పుడు హజరాబీ, ఆమె కోడలు మహబూబ్‌బీ, కొడుకు చాంద్ బాషా. మొన్న కాలనీలో ఒక పెద్దమనిషి, "గోత్రం లేనోళ్లను కల్యాణంలో ఎట్లా చదువుతావు సామీ?" అన్నాడు. "గోత్రం అడిగే దేవుడు వాళ్ల పూలు మెడలో ఏసుకుంటాండాడా? పోయి ఆయన్నే అడుగు" అన్నాను. నోరు ఉన్నవాడికి నోటితోనే చెప్పాలి.

పేర్ల కాగితాలు ఈ ఉత్తరంతో పెడుతున్నా. ఇళ్ల వరస పాత ఊరి వీధి వరసే ఉండాలి. చివర గుడి పక్కన ఉండే మన ఇల్లు. హర్షిత అత్తవారైన కరణం వారి ఇంట్లో దాని పేరు ప్రస్తుతానికి అట్లాగే ఉండనీ. అల్లుడు అభిలాష్ వాళ్లది మన ఊరే కావడం వల్ల వచ్చిన తలనొప్పి ఇది. ఎక్కడో దూరాన ఇచ్చి ఉంటే మన కాగితంలోకి ఈ గొడవే వచ్చేది కాదు. మంచి సంబంధం, కళ్లెదుటే ఉంటుంది అని నేనే ముచ్చటపడ్డాను. తీర్పు ఇంకా రాలేదు. ఆ విషయం నా దగ్గర ఎత్తకు తల్లీ. ఇంట్లో మీ అత్త ఎత్తుతోంది, చాలు.

మీ మామ
రామం


ప్రొద్దుటూరు
2024 ఫిబ్రవరి 18

మామా,

నవ్వుకో. మొదటిసారి కోడ్ నడిపితే ఊరంతా ఖాళీ ఇళ్లే వచ్చాయి. ఆఖరున మీ ఇంట్లో మాత్రం ఒకే ఒక్క మనిషి. ఏమైందంటే, ప్రతి పేరుకూ కొత్త ఎలిమెంట్ పుట్టించాల్సింది పోయి, ఒకదాన్ని పుట్టించి దాని పేరు మార్చుకుంటూ ఇంటింటికీ తిప్పాను. వాడు బుద్ధిగా అన్ని ఇళ్లకూ వెళ్లాడు. కొత్త ఇంట్లోకి పోగానే పాత ఇల్లు ఖాళీ. ఎక్కడ ఆగాడో అక్కడే మిగిలాడు. తరగతిలో పిల్లల్ని ఏ తప్పుకు తిడతానో అదే చేశాను.

ఇప్పుడు సరిచేశాను. ఎవరికి వాళ్లు పుట్టారు, ఎవరింట్లో వాళ్లున్నారు. నమూనాగా ఒక పేజీ అచ్చు వేసి పంపుతున్నా. అక్షరాలు ఇంకా పెద్దవి కావాలంటే చెప్పు.

అమ్మ అల్లం పచ్చడి చేసింది, అత్తకు ఇష్టమని ఒక సీసా పక్కన పెట్టింది. ఎవరైనా అటు వస్తే పంపిస్తాం.

నీ
సంహిత


జమ్మలమడుగు
2024 మార్చి 24

సంహితమ్మా,

అక్షరాలు భేషుగ్గా ఉన్నాయి. కళ్లజోడు లేకుండా చదివాను. మీ అత్త పరీక్ష పెట్టింది, నెగ్గాను.

మార్పులు రాస్తున్నా. పెద్దముడియంలో ఉన్న మన గౌడు వారి ఇంట్లో మనవరాలు పుట్టింది, పేరు సాయిశ్రీ. చేర్చు. మన వరసలో వాళ్ల పక్కింటి ముసలాయన పోయాడు. తీసెయ్యి.

కోర్టులో అయిపోయింది. హర్షిత సంతకం పెట్టి, ఇంటికి రాకుండా అటునుంచి అటే పులివెందుల బస్సెక్కింది. అభిలాష్ నాన్న నిన్న గుడి మెట్ల దగ్గర నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. నేనూ తిప్పుకున్నాను. చిన్నప్పుడు ఇద్దరం ఒకే ఏట్లో ఈతకొట్టినవాళ్లం. ఇంతమందికి పెళ్లిళ్లు చేసినవాణ్ణి, నా బిడ్డ పెళ్లి నిలబెట్టలేకపోయాను అని ఊళ్లో వాళ్లు అనుకుంటున్నారని నాకు తెలుసు. తెలిసిన పురోహితులను కదిలించి చూశాను. ఒకాయన ఇచ్చేసిన గోత్రం తిరిగి రాదంటాడు. ఇంకొకాయన ఎందుకు రాదంటాడు. ఎవరి మాటా వినబుద్ధి కావడం లేదు.

కరణం వారి ఇంట్లోంచి హర్షిత పేరు తీసెయ్యి. అంతే చాలు.

మీ మామ
రామం


ప్రొద్దుటూరు
2024 ఏప్రిల్ 28

మామా,

నువ్వు చెప్పినట్టే చేశాను. సాయిశ్రీని చేర్చాను. ముసలాయనను తీశాను. వదిన పేరు కరణం వారి ఇంట్లోంచి తీసేశాను. దాని గురించి ఇంకేమీ అడగను. మామను ఆ విషయంలో కదిలించొద్దని అమ్మ గట్టిగా చెప్పింది.

మొత్తం అచ్చు వేసిన కాగితాలు ఫరూఖ్ అన్నతో పంపుతున్నా. ఆయన బట్టల మూటలతో జమ్మలమడుగు అంగళ్లకు వస్తూనే ఉంటాడు. పచ్చడి సీసా కూడా ఆయన దగ్గరే ఉంది, మూత గట్టిగా బిగించాను. కల్యాణానికి ముందు కాగితాలు మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూసుకో. నాకు పరీక్షల డ్యూటీ పడింది, రాలేను. వదిన సెలవు పెట్టి వస్తోందట.

నీ
సంహిత


జమ్మలమడుగు
2024 మే 26

సంహితా,

ఆశీస్సులు రాయడానికి చెయ్యి రావడం లేదు. ఏం పని చేశావు నువ్వు?

కల్యాణం బాగా జరిగింది. జనం కిక్కిరిసిపోయారు. హర్షిత ముందురోజే వచ్చింది. రాత్రి వాళ్ల అమ్మతో, "ఈసారి నా పేరు మనింట్లో వస్తాది గదమ్మా, ముందర నిలబడి ఇంటా" అందట. నాకు మీ అత్త తర్వాత చెప్పింది. పొద్దున తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, మీ అత్త పక్కన మొదటి వరసలో నిలబడింది. పెళ్లయ్యాక దాని ముఖం అంత కళగా ఉండటం నేను చూడలేదు.

పేర్లు చదివాను. కరణం వారి ఇల్లు వచ్చింది, హర్షిత పేరు లేదు, సరే. అన్నీ అయ్యి చివరికి మన ఇల్లు వచ్చింది. రామం, మీనాక్షి. అంతే. కింద ఖాళీ! మంగళహారతి ఇచ్చి తిరిగి చూసేసరికి నా బిడ్డ అక్కడ లేదు. పంక్తిలో కూర్చోలేదు, మెతుకు ముట్టలేదు. సంచి తీసుకుని కాలనీ మలుపు దాకా నడిచిపోయి ఆటో ఎక్కిందని చాంద్ బాషా వచ్చి చెప్పాడు.

ఆ ఇంట్లోంచి తీసెయ్యమన్నాను, మా ఇంట్లోంచి కూడా తియ్యమన్నానా? అక్కడ తీస్తే ఇక్కడికి రాదా? ఆడపిల్ల పుట్టింటికి రాక ఇంకెక్కడికి పోతుంది? ఆ మాత్రం నీ కంప్యూటర్‌కు తెలియకపోతే నీకు తెలియదా? ఊరందరి ముందు నేను నా కూతుర్ని కాదనుకున్నట్టయింది. నీ చేత చేయించుకోవడం నాదే బుద్ధితక్కువ.

రామం


ప్రొద్దుటూరు
2024 జూన్ 4

మామా,

నీ ఉత్తరం చదివి కాలేజీకి వెళ్లలేకపోయాను. నువ్వు తిట్టినందుకు కాదు. వదిన కొత్త చీర కట్టుకుని నిలబడిందని రాశావు చూడు, అది చదివి.

జరిగింది చెబుతాను, విను. నీ కాగితాల ప్రకారం వదినను ముందు మీ ఇంట్లోనే పుట్టించాను. తర్వాత పెళ్లి వివరం వచ్చింది కాబట్టి కరణం వారి ఇంటికి తగిలించాను. తగిలించిన క్షణమే మీ ఇంటితో ఆ ఎలిమెంట్‌కు సంబంధం తెగిపోయింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఏ గుర్తూ మిగలదు మామా. కరణం వారి ఇంట్లోంచి తీసేసినప్పుడు తిరిగి మీ ఇంటికి తగిలించమని కోడ్‌కు నేను చెప్పాలి. చెప్పలేదు. దాంతో ఊరి కాగితంలో ఏ ఇంట్లోనూ లేకుండా పోయింది. తీసేస్తే దానంతట అదే వెనక్కి వస్తుందని నువ్వనుకున్నావని నాకిప్పుడు తెలిసింది.

తీసి ఎక్కడ పెట్టాలి అని నేను ఒక్క మాట అడగాల్సింది. గోత్రం తిరిగి రాదని ఒకాయన అన్నాడని రాశావు, అంతే చాలు అని కూడా రాశావు. అర్చకుడివి, శాస్త్రం ఒప్పుకోవడం లేదేమో, అది నాతో చెప్పడం నీకు కష్టమేమో అనుకున్నాను. వదిన మీద నీకు అంత ప్రేమ ఉందని తెలిసి కూడా అట్లా ఎందుకు అనుకున్నానో! ఆ రోజు కోడ్ నడిపి, వదిన పేరు పోవడం నా కళ్లతో చూశాను. మనసు కొట్టుకుంది. అయినా నోరు మూసుకున్నాను. దీనికి నన్ను నేను క్షమించుకోలేను.

ఇప్పుడు కొత్త ఎలిమెంట్ పుట్టించి మీ ఇంటికి తగిలించాను. రామం, మీనాక్షి, హర్షిత. వదిన నా ఫోన్ ఎత్తడం లేదు.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. అచ్చు వేసిన కాగితాలు కల్యాణానికి ముందే నీ చేతికి వచ్చాయి. మీ ఇల్లు ఉన్న ఆఖరి పేజీ నువ్వు చూసుకోలేదా?

సంహిత


జమ్మలమడుగు
2024 జూన్ 16

సంహితా,

చూశాను. అందరి ఇళ్లూ వేలుపెట్టి చూశాను. మన ఇల్లు చూడాలని తోచలేదు. సొంత ఇంట్లో వాళ్లెవరో కాగితం చూసి తెలుసుకోవాలా? చేసిన తప్పు తెచ్చి నా నెత్తిన పెట్టాలని చూడకు.

హర్షిత పేరు చేర్చిన కొత్త పేజీ ఒకటి పంపు. పులివెందులకు తీసుకెళ్లి చూపిస్తాను. పొరపాటు మనిషిది కాదు, యంత్రానిదని తెలిస్తే అది మెత్తబడుతుంది.

రామం


ప్రొద్దుటూరు
2024 జూన్ 23

మామా,

పేజీ పంపుతున్నా. కానీ అక్కడికి పోగానే దీన్ని బయటికి తీయకు. ముందు వదినతో కాసేపు మాట్లాడు.

సంహిత


జమ్మలమడుగు
2024 ఆగస్టు 4

సంహితమ్మా,

నువ్వు చెప్పినట్టు వినలేదు. పోగానే కాగితమే బయటికి తీశాను.

పులివెందులలో కిరాణా అంగడి పైన ఒక గది తీసుకుంది. శుభ్రంగా ఉంది. గోడకు పిల్లలు గీసిచ్చిన బొమ్మలు అంటించుకుంది. నేను రాగానే బొరుగులతో ఉగ్గాణి చేసి, బజ్జీలు కింద నుంచి తెప్పించి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది. మంచి మాటలే మాట్లాడింది. నాకే ఆత్రం. నీ పేజీ తీసి ముందు పెట్టాను. చూడమ్మా, నీ పేరు చేర్పించాను, ఇదంతా కంప్యూటర్ పొరపాటు అన్నాను. చదివింది. మడిచి నా చేతికే ఇచ్చింది. తర్వాత నాకు వినపడాలని గట్టిగా చెప్పింది. కింద అంగడి వాళ్లకు కూడా వినపడి ఉంటుంది.

"కాగితంలో నా పేరు లేదని నాకు బాధ లేదు నాన్నా. సంహిత ఏం చేసిందో నిన్న ఫోన్ చేసి తెలుసుకున్యా. దాన్నేం అనొద్దు. నువ్వు రామం అన్యావు, మీనాక్షి అన్యావు, ఆడ ఆగినావు. కాగితం తిప్పి చూసినావు. తలెత్తి నన్ను చూసినావు. నీ ఎదురుగానే ఉండా గదా నేను? హర్షిత అని ఒక్క మాట అంటే అయిపోతాండె. హజరాబీ అవ్వకు గోత్రం లేకున్యా పేరు చదువుతావు. నువ్వు కన్న బిడ్డ పేరుకు నీకు కాగితం కావాల్నా?"

నేను ఆగిన మాట నిజం. దాన్ని చూసిన మాట నిజం. నీకు రాసిన ఉత్తరంలో ఆ ముక్క లేదు, చూసుకో. ఎదురుగా అభిలాష్ నాన్న కూర్చుని ఉన్నాడు. పేరు పలికితే ఏ గోత్రంతో పలికాడు అని రేపు పురోహితులంతా అడుగుతారనిపించింది. ఆ కాస్త సేపట్లో ఎన్ని లెక్కలు వేశానో! కాగితంలో లేదు కదా అని హారతి పళ్లెం అందుకున్నాను. నీ పొరపాటు నాకు చాటుగా నిలబడింది. ఆ తర్వాత ఆ చాటులో నుంచే నిన్ను అన్ని మాటలూ అన్నాను. అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను తల్లీ, మనసులో పెట్టుకోకు.

వచ్చే ఏడు తప్పకుండా చదువుతానమ్మా, రా అన్నాను. "చదువుతావులే. కాగితంలో ఉంది గదా. అది కాగితం చదివినట్టు నాన్నా, నన్ను పిలిచినట్టు కాదు" అంది. బస్సు దాకా వచ్చింది. కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టింది. చెయ్యి ఊపలేదు.

అందుకని ఒకటి అడుగుతున్నా. నువ్వు కొత్తగా పుట్టించి మా ఇంటికి తగిలించావు కదా, ఆ పేరు తీసెయ్యి. మా ఇంట్లో రామం, మీనాక్షి అనే ఉండాలి. మూడో పేరు నా నోటి నుంచే రావాలి. అది వచ్చి విన్నా, వినకపోయినా సరే.

మీ మామ
రామం


ప్రొద్దుటూరు
2024 ఆగస్టు 18

మామా,

తీసేశాను. ఒకసారి తీసి బాధపడిన పేరునే మళ్లీ తీయడం ఎంత కష్టంగా ఉందో నీకు చెప్పలేను.

నీ మాటలకు నాకు కోపం లేదు. కోపం ఉంటే నా మీదే. నువ్వు ఊరిని చూసి జంకావు, నేను నిన్ను చూసి జంకాను. మధ్యలో వదిన నష్టపోయింది.

నాకున్న భయం ఒకటే. నీకు మతిమరుపని కదా ఈ పని మొదలుపెట్టాం? ఆ రోజు జనంలో, ఆ హడావుడిలో మర్చిపోతే? కనీసం పేజీ అంచున పెన్సిల్‌తో చిన్న గీత అయినా గీసుకో.

అత్తను అడిగానని చెప్పు.

నీ
సంహిత


జమ్మలమడుగు
2025 మే 15

సంహితమ్మా,

గీత గీసుకోలేదు. ఆ పేరు మర్చిపోయేవాణ్ణయితే గుడి తాళాలు ఇంకొకరికి ఇచ్చి ఇంట్లో కూర్చోవడం మేలు.

కల్యాణం మొన్న పున్నమికి అయింది. ఈసారి ఎండ మండిపోయింది, షామియానా కింద కూడా నిలబడలేకపోయారు. హజరాబీకి జ్వరం, పూలు చాంద్ బాషా తెచ్చాడు. పేర్లు ఏ ఒక్కటీ వదలకుండా చదివాను. పోయినేడు చేర్చిన సాయిశ్రీ పేరు రాగానే వాళ్ల నాన్న ఆ పిల్లను పైకెత్తి అందరికీ చూపించాడు.

చివరికి మన ఇల్లు వచ్చింది. రామం, మీనాక్షి. కాగితం అక్కడితో అయిపోయింది. దాన్ని కింద పెట్టి హర్షిత అన్నాను. మైకులో బాగా గట్టిగానే వినపడిందట, మీ అత్త చెప్పింది.

ఏమీ కాలేదు సంహితా. ఏ గోత్రమని ఒక్కరూ అడగలేదు. అభిలాష్ నాన్న అక్కడే ఉన్నాడు, తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ హారతి కోసం చూస్తున్నాడు. జనం పంక్తికి లేవబోతున్నారు. ఇంతేనా అనిపించింది. ఎంత తేలికగా వచ్చేసిందో ఆ మాట! అదే నన్ను కోస్తోంది. చాలా పెద్ద పని, నావల్ల కాలేదు అనుకోవడానికి కూడా లేకుండా పోయింది.

హర్షిత రాలేదు. స్కూల్లో వేసవి తరగతులున్నాయని వాళ్ల అమ్మకు చెప్పిందట. మీ అత్త మొదటి వరసలో తన పక్కన చోటు పట్టి ఉంచింది, కాసేపటికి ఎవరో పిల్లల తల్లి వచ్చి కూర్చుంటే ఏమీ అనలేకపోయింది. నేను పేరు పలికిన ముక్క ఎవరి ఫోన్‌లోనో పట్టారట. దాన్ని హర్షితకు పంపిస్తానని మీ అత్త అంటే వద్దన్నాను. అది వినాల్సింది పోయినేడు. అప్పుడు నా ఎదురుగా నిలబడి ఉండింది.

మీ మామ
రామం